పెద్దబడి, చిన్నబడి: పట్టికల పేర్లలో చిక్కు

తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అను భేదము లేదు. ఇంగ్లీషులో మాత్రము ఊరి పేరును మొదటి అక్షరము పెద్దబడిలో నుంచి వ్రాయుట మర్యాద. ఈ మర్యాదయే డేటాబేసులు నేర్చుకొను విద్యార్థి కాలిలో మొదటి ముల్లగుచున్నది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం పాఠశాలల హాజరును మూడు పట్టికలుగా పోస్ట్‌గ్రెస్‌లో పెట్టితిమనుకొందము. పీజీఅడ్మిన్ అను పనిముట్టులో ఫారము నింపి, గిద్దలూరు పేరును ఇంగ్లీషున, మొదటి ‘జీ’ పెద్దబడిలో వ్రాసితిమి. పట్టిక ఏర్పడినది, జాబితాలో కంటి కెదురుగానే యున్నది. కాని ఆ పేరునే అక్షరము పొల్లుపోకుండ వ్రాసి ప్రశ్న వేసినచో, అట్టి పట్టిక లేదని జవాబు వచ్చును!

కారణమేమి? కోట్ గుర్తులు లేని పేరును పోస్ట్‌గ్రెస్ చిన్నబడిలోనికి మార్చి వెదకును. ఫారము నింపినపుడో, పనిముట్టు మనకు చెప్పకయే పేరునకు జంట కోట్లు తగిలించి పెద్దబడిని నిలిపినది. పోస్ట్‌గ్రెస్‌ను తప్పుపట్టువారు కలరు. ఎస్‌క్యూఎల్ ప్రమాణము ప్రకారము పెద్దబడిలోనికి మార్చవలెను; ఒరాకిల్ అట్లే చేయును. అయినను ఏ బడి యైన నేమి, నియమము నియమమే, నేర్చుకొనవచ్చును. నా అభ్యంతరమెల్ల పనిముట్టుపైననే. పేరులో పెద్దబడి కనబడగానే ‘ఇకమీదట దీనికి కోట్లు తప్పవు’ అని ఒక్క ముక్క చెప్పినచో దాని సొమ్మేమి పోవును? లేదను సందేశములో పేరు చిన్నబడిలో నుండుటయే దొరకు ఏకైక ఆచూకీ. కొత్తవాని కంటికి అది ఆనదు.

మైఎస్‌క్యూఎల్‌లో చిక్కు వేరు. అందు పట్టిక పేరు యంత్రములోని ఫైలు వ్యవస్థ ననుసరించును. సాధారణముగా విండోస్‌పై భేదము పాటింపబడదు, లినక్స్‌పై పాటింపబడును. ఇంటి విండోస్ యంత్రముపై చక్కగా నడచిన ప్రాజెక్టు లినక్స్ సర్వరుపై పడిపోవుట ఇందువలననే. విచిత్రమేమన, నిలువు వరుసల పేర్లకు రెండుచోట్లను ఈ పట్టింపు లేదు. ‘ఎస్‌క్యూఎల్‌కు బడిభేదము లేదు’ అని పాఠములలో ఒక్క వాక్యముతో సరిపుచ్చుట అందుచే తగదు. సెలెక్ట్, ఫ్రమ్ వంటి ఆజ్ఞాపదములకే అది పూర్తిగా చెల్లును.

పట్టికకు తెలుగు పేరే పెట్టరాదా? పోస్ట్‌గ్రెస్ కోట్లు లేకయే దానిని అంగీకరించును, బడిగొడవయే యుండదు. పేరు 63 బైట్లకు మించరాదు. ‘మార్కాపురం’ అను మాట గుణింతపు గుర్తులతో కలిపి 10 సంకేతములు, ఒక్కొక్కటి 3 బైట్ల చొప్పున 30 బైట్లు. కాని ఒకరు మార్కాపురమనియు, రైల్వేవారు మార్కాపూర్ రోడ్ అనియు వ్రాయుదురు. యంత్రమునకు అవి వేర్వేరు ఊళ్లే.

ఇంగ్లీషు పేర్లే కావలెనన్నచో అంతయు చిన్నబడిలో వ్రాసి, మాటల నడుమ అడుగుగీత ఉంచుట మేలు. ఇదివరకే పెద్దబడితో ఏర్పడిన పట్టికను ఆల్టర్ టేబుల్ ఆజ్ఞతో, పాత పేరును కోట్లలోను, కొత్త పేరును కోట్లు లేకయు వ్రాసి మార్చవచ్చును. అయితే పాత పేరు కోట్లతో సహా ఏయే ప్రోగ్రాములలో నున్నదో ముందుగా వెదకి పెట్టుకొనవలెను.