‘తేడా’ అన్న మాట ఎవరిది?

ఇంగ్లీషులో ‘క్వీర్’ అంటే వింతైన, విపరీతమైన అని నిఘంటువు అర్థం. 16వ శతాబ్దం నుంచీ ఆ భాషలో ఉన్న మాట ఇది. ఒంట్లో నలతగా ఉన్నా క్వీరే, దొంగ నాణెమైనా క్వీరే. 19వ శతాబ్దం చివరికి మగవాళ్లను ప్రేమించే మగవాళ్ల మీద అది తిట్టయింది. 1990లో న్యూయార్కులో ‘క్వీర్ నేషన్’ పెట్టుకున్నవాళ్లు ఆ తిట్టునే తమ పేరుగా ఎత్తిపట్టారు.

ఇప్పుడు తెలుగులోనూ క్వీర్ సాహిత్యం, క్వీర్ రాజకీయాలు అంటున్నరు. ఆ రాజకీయాలను మేము గౌరవిస్తాం. మా పేచీ అల్లా మాటతోనే. జగిత్యాల బస్టాండులో, కోరుట్ల బజార్లో ఎవరినీ క్వీర్ అని వెక్కిరించరు. ఇక్కడ తగిలే దెబ్బ ‘తేడా’. తూకంలో తేడా, లెక్కలో తేడా, సిరిసిల్ల సాంచెల మీద బట్టలో తేడా. సరుకు లోపానికి వాడే మాటనే మనిషికి తగిలించి ‘వాడు తేడాగాడు’ అంటరు. సినిమాలు దాన్ని నవ్వులాట చేసి ఊరూరికీ మోసినయి. దొంగ నాణేన్ని క్వీర్ అన్న బుద్ధీ, ఈ బుద్ధీ ఒక్కటే: మనిషిని సరుకు చేసి, కొలతకు రాలేదనడం.

ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉంటదో దళితులకు ఒకరు చెప్పనక్కర్లేదు. ‘మాదిగ’ అన్న మాటను తిట్టుగా వాడిన సమాజంలోనే 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగింది. ఆ మాటనే పేరు చివర గర్వంగా రాసుకున్నరు. దానికి తర్జుమా అవసరం పడలేదు. దెబ్బ తగిలిన చోటనే మాట లేచింది.

‘తేడా’ అట్లా లేవలేదు. దాని వెనుక లాఠీ కూడా ఉండేది. నిజాం రాజ్యంలో 1919 నాటి చట్టం హిజ్రాల పేర్లు రిజిస్టర్లో ఎక్కించమన్నది. ఆడబట్టలు కట్టి వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోమన్నది. నిజాం పోయినా ఆ చట్టం పోలేదు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా బతికే ఉన్నది. ఇక సిరిసిల్ల పక్కనే వేములవాడలో శ్రీరామనవమి నాడు శివపార్వతులు, హిజ్రాలు శివుణ్ణి పెళ్లాడి తలంబ్రాలు పోసుకుంటరు. గుడి ముందర ఒక్కరోజు దండం, తెల్లారితే తేడా. జోగినిగా మారిన దళిత స్త్రీకి ఈ న్యాయం బాగా తెలుసు.

మరి ఉద్యమాల మాటేమిటి? అధికారి కదలకపోతే చీర, గాజులు పట్టుకపోయి ఇచ్చే నిరసన మామూలైపోయింది. ఆడతనమే అవమానమైతే, మగపుట్టుక పుట్టి చీర కట్టుకున్న మాదిగ బిడ్డ ఏ జెండా కింద నిలబడాలె? కులం పేరుతో ఒక దెబ్బ, తేడా పేరుతో ఇంకో దెబ్బ తిన్న మనిషికి వాడలో కూడా వెలి తప్పకపోతే, వెలికి ఎదురు నిలిచామని మనం చెప్పుకునే మాటకు విలువేమున్నది?

క్వీర్ అన్న మాట రావద్దని మేము అనడం లేదు. ‘దళిత’ కూడా మరాఠీ ఉద్యమం మీదుగానే మనదాకా వచ్చింది, వాడలో కాలూనినాక మనదైంది. క్వీర్ అంటరో, తేడా అన్న మాటనే ఎత్తుకుంటరో, ఆ దెబ్బలు తిన్నవాళ్లే తేల్చుకోవాలె. మన వంతు పని వేరే ఉన్నది. ముందు ఆ గాజులు కింద పెట్టాలె.