తరుగు ఎంత?

మా అమ్మ బంగారం కొట్లో ధర అడగదు. ఆ రోజు రేటు పొద్దున్నే పేపర్లో చూసుకునే బయల్దేరుతుంది. కుర్చీలో కూర్చోగానే ఒకటే ప్రశ్న: "తరుగు ఎంత వేస్తున్నావు బాబూ?"

షేర్లలాగే మార్కెట్లో కొనుక్కునే ఫండ్లైన ఈటీఎఫ్‌ల గురించి నెట్‌లో వెతకడం మొదలుపెట్టినప్పుడు ఆ ప్రశ్న నాకు గుర్తు రాలేదు. యాప్ తెరవడం, ఏడాదిలో ఏది ఎక్కువ పెరిగిందో చూడటం, అంతే. కానీ నిఫ్టీ 50 ఫండ్లన్నీ కొనేది ఆ 50 షేర్లే కదా! 2001 డిసెంబర్‌లో మొదలైన నిఫ్టీ బీస్ అయినా, నిన్నగాక మొన్న వచ్చినదైనా సరుకు ఒకటే. తేడా అంతా తరుగులో ఉంది. సూచీ కంటే ఫండ్ ఎంత వెనకబడిందో చెప్పే ఆ అంకె పేరు ట్రాకింగ్ డిఫరెన్స్. ఫండ్ సంస్థల సైట్లలోనూ, వాటి సంఘమైన యాంఫీ సైట్‌లోనూ దొరుకుతుంది. నేరుగా కాదు, నాలుగైదు నొక్కుల తర్వాత. ఫండ్ వసూలు చేసే ఖర్చుతో పాటు, చేతిలో మిగిలిన నగదు, సూచీలో షేర్లు మారినప్పుడల్లా జరిపే అమ్మకాలు, కొనుగోళ్లు అన్నీ అందులోకి వచ్చేస్తాయి.

ఒక్క మెలిక. డివిడెండ్లు కలపని సూచీతో పోలిస్తే ఫండే ముందున్నట్టు కనిపిస్తుంది. తరుగు తీయకపోగా షావుకారు ఎదురు డబ్బులిచ్చాడంటే ఎవరు నమ్ముతారు? పోల్చాల్సింది డివిడెండ్లు కలిపిన టోటల్ రిటర్న్ సూచీతో.

ఇంత నేర్చుకున్నవాణ్ణి 2025 అక్టోబర్‌లో బోల్తా పడ్డాను. ధనత్రయోదశి ముందు వెండికి కటకట. ఈటీఎఫ్ యూనిట్లు వాటి వెనకున్న వెండి విలువకు మించి అమ్ముడుపోతున్నాయి. కొన్ని సంస్థలైతే వెండి ఈటీఎఫ్‌లలో పెట్టుబడి పెట్టే ఫండ్లలోకి పెద్ద మొత్తాలు తీసుకోవడమే ఆపేశాయి. నేను యాప్‌లో కనిపించిన ధరకే కొనేశాను. అసలు విలువ చెప్పే ఐఎన్‌ఏవీ అనే అంకె ఫండ్ సంస్థ సైట్‌లోనే ఉంది. షేర్ల ఈటీఎఫ్‌లకైతే 15 సెకన్లకు మించి ఆలస్యం కాకుండా దాన్ని ప్రకటించాలని సెబీ నిబంధన కూడా.

తరుగు గురించి తెగ వెతికినవాణ్ణి, రేటు చూసుకోకుండానే కొట్టుకు వెళ్లానన్నమాట. ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్, పక్కన లాప్‌టాప్‌లో ఐఎన్‌ఏవీ. వెండి సంగతి మాత్రం అమ్మకు ఇంకా చెప్పలేదు.