జాజ్ రసికులును ధ్వనిముద్రణములును

అమెరికాదేశమున నల్లజాతివారి నడుమ పుట్టి పెరిగిన జాజ్ సంగీతమునకును మన మనోధర్మ సంగీతమునకును ఒక పోలిక కలదు. కీర్తన తెలిసినదే యైనను నెరవును, కల్పనస్వరములును ఏనాటి కానాడు క్రొత్తగా పుట్టుచుండును. అట్లే జాజ్ విద్వాంసుడును తెలిసిన పాటను ఆధారముగా గొని అప్పటికప్పుడు కల్పించి వాయించును. మరునాడు అదేరీతిని వాయింపుమనిన వాయింపజాలడు. కావున ఈ సంగీతమును తెలిసికొనగోరువాడు ఆనాడు ఆ సభలో నుండవలెను. లేదా ధ్వనిముద్రణమునైన వినవలెను. ఇందుచేతనే జాజ్ రసికులు కచేరీలకు యంత్రములు గొనిపోవుటయు, తాము పట్టి తెచ్చినదానిని తోడి రసికులకు వినిపించుటయు ఆచారమైనది. ఈ ఆచారము మంచిదే యని మా అభిప్రాయము. ఐనను రసికుడు దేనిని పట్టుకొనుచున్నాడు, దేనిని విడుచుచున్నాడు అను విషయము విచారింపదగియున్నది.

వీరు చేసిన మేలు కొంచెము కాదు. 1941లో కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థియగు జెర్రీ న్యూమన్ రికార్డులు గీయు యంత్రమును మోసికొని న్యూయార్కు హార్లెములోని మింటన్స్ ప్లేహౌసునకు పోవుచుండెను. గిటారు విద్వాంసుడు చార్లీ క్రిస్టియన్ అచ్చట రాత్రులు తోడివారితో గూడి వాయించినది ఆ రికార్డులందు నిలిచెను. క్రిస్టియన్ 1942 మార్చిలో ఇరువదియైదేండ్ల ప్రాయముననే క్షయవ్యాధిచే గతించెను. ఆ యేటి ఆగస్టులోనే వాద్యకారుల సంఘము రికార్డు కంపెనీలపై సమ్మె ప్రారంభించెను. రికార్డుల వలన తమ జీవనోపాధి చెడుచున్నదనియు, అమ్మకముపై తమ నిధికి కొంత సొమ్ము చెల్లింపవలెననియు వారి వాదము. కొన్ని పెద్ద కంపెనీలు 1944 నవంబరు వరకును లొంగలేదు. 'బీబాప్' అను నూతన పద్ధతి రూపుదాల్చుచుండిన కాలమదియే. అట్టి కాలమునకు సాక్ష్యములు కొరవడగా, దానికి ముందటి యేడు ఒక విద్యార్థి మోసిన యంత్రమే చరిత్రకారుల కాధారమైనది.

ఐనను రసికుని ప్రేమలో ఒక దోషము దాగియున్నది. దీన్ బెనెడెట్టి కథ యందులకు నిదర్శనము. ఇతడు తానును శాక్సొఫోను వాద్యకారుడే. చార్లీ పార్కరును గురువువలె భావించినవాడు. 1947 మార్చిలో లాస్ ఏంజిలీసులోని హై డి హో క్లబ్బులో పార్కరు వాయింపును పళ్లెములపై గీసెను. 1948లో న్యూయార్కు క్లబ్బులలో కాగితపు టేపుపై నెక్కించెను. కాని చాలవరకు పార్కరు వంతు వచ్చినప్పుడే యంత్రమును నడపి, ఇతరుల వంతు రాగానే ఆపివేసెను. బెనెడెట్టి 1957లో ఇటలీలో మరణించెను. అతని సోదరుడు భద్రపరచిన ఆ సంచయమును మొజాయిక్ సంస్థ 1990లో ప్రకటించెను.

వానిని వినుటలో ఆశ్చర్యమును గలదు, నొప్పియును గలదు. పార్కరు పలుకు ముగియగానే కత్తితో కోసినట్లు నిశ్శబ్దము. హై డి హోలో ఆ మేళమునకు నాయకుడు ట్రంపెట్టు విద్వాంసుడు హవర్డ్ మెక్‌గీ. న్యూయార్కున పార్కరు ప్రక్కన డ్రమ్ములు వాయించినవాడు మాక్స్ రోచ్. వారు సామాన్యులు కారు. జాజ్ సంభాషణ వంటిది. డ్రమ్ముపై పడిన ఒక దెబ్బకు ప్రత్యుత్తరముగా వచ్చు స్వరము ఆ దెబ్బతోగాని సంపూర్ణము కాదు. ఒకని మాటలే వ్రాసికొని తక్కినవారి నోరు మూసినచో మిగులునది సంభాషణ కాదు. ఇట్టి దోషమును యంత్రముపై నెట్టుటకు వీలులేదు. ఇది వ్యక్తిపూజ. మహాపురుషునొక్కని చూచి, అతనితో పాటుపడిన పదుగురిని మరచు గుణము సంగీతమునందు మాత్రమే యున్నదా యని మనలను మనము ప్రశ్నించుకొనవలెను.

దీనికి మరియొక ఉదాహరణమును సరిచూతము. 1957లో పియానో విద్వాంసుడు థెలోనియస్ మంక్, శాక్సొఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ నెలల తరబడి న్యూయార్కు ఫైవ్ స్పాట్ క్లబ్బులో కలసి వాయించిరి. మరుసటి యేడు వారు తిరిగి కలసినప్పుడు కోల్ట్రేన్ భార్య నైమా చిన్న యంత్రముతో పట్టిన ముద్రణము 1993లో వెలువడెను. శబ్దము మసకగా నుండును. కాని మంక్, కోల్ట్రేన్‌లతోపాటు బేసు వాయించిన అహ్మద్ అబ్దుల్ మాలిక్కును, డ్రమ్ములు వాయించిన రాయ్ హేన్సును అందు గలరు. వాయిస్ ఆఫ్ అమెరికా వారు 1957 నవంబరు 29న కార్నెగీ హాలులో వీరి కచేరిని మిక్కిలి చక్కగా ముద్రించిరి. అది లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసులో పడియుండి, 2005లో లారీ ఆపెల్‌బామ్ కంటబడువరకు లోకమునకు తెలియలేదు. నిర్మలమైన ముద్రణము నలువదియేడేండ్లు మూగయై యుండగా, మసకబారిన ముద్రణము అంతకు పండ్రెండేండ్ల ముందే రసికులను చేరెను. దాచుటయొక్కటే రక్షణము కాదు. వినిపించినగాని రక్షణము పూర్తికాదు.

కావున మా కోరికలు మూడు. ముద్రించువాడు మేళమునంతయు ముద్రింపవలెను. వాద్యకారుల అనుమతి గొని, వినిపించునప్పుడు అందరి పేర్లును చెప్పవలెను. సొమ్ము వచ్చినచో వారికి ముందుగా చెల్లింపవలెను. 1942లో సంఘము కోరిన న్యాయము రసికునకును వర్తించును. మూడవది, కచేరి విని వచ్చినవాడు తన యనుభవమును వర్ణించునప్పుడు అద్భుతము, అపూర్వము అని సరిపెట్టక, ఎవరేమి వాయించిరో, ఎవరి పలుకునకు ఎవరు బదులిచ్చిరో చెప్పవలెను. సభకు రాలేనివానికి ఉపకరించునది పొగడ్త కాదు, వివరము.

పాత ముద్రణములను ఇంత శ్రద్ధతో వెదకు రసికులు, నేడు చిన్న క్లబ్బులలో వాయించుచున్న యువకుల కచేరీలకు రుసుము చెల్లించి పోవుచున్నారా? ఆ కుర్చీలు ఖాళీగా నున్నచో రేపు ముద్రించుటకు సంగీతమే యుండదు.