పడవ ముక్కు, పడవ దారి

మా తాతయ్య గోదావరి మీద లాంచీ సరంగు. రాజమండ్రి నుంచి కొవ్వూరుకి దాటేటప్పుడు, నది నిండుగా ఉన్న రోజుల్లో లాంచీ ముక్కు కొవ్వూరు రేవు వైపు ఉండేదే కాదు. బాగా ఎగువకి పెట్టి ఉంచేవాడు. "తాతయ్యా, రేవు అటు కదా" అని అడిగితే, "అటేరా. ముక్కు కూడా అటే పెడితే ఏరు మనల్ని కిందకి లాక్కుపోదూ?" అనేవాడు. నెల రోజులుగా నా పడవలో ఆటోపైలట్‌కీ చార్ట్‌ప్లాటర్‌కీ వైరు కలిపే పనిలో ఉన్నాను. ఆ మాట గుర్తురాని రోజు లేదు.

నాది 32 అడుగుల పాత తెరచాప పడవ. సియాటిల్‌లో షిల్‌షోల్ బే మెరీనాలో కట్టి ఉంటుంది. అందులోని ఆటోపైలట్‌కి తెలిసింది ఒక్కటే, ముక్కు ఎటుందో. పడవ లోపల కింద, ఇనుముకి దూరంగా బిగించిన ఫ్లక్స్‌గేట్ దిక్సూచి దానికి ఆ సంగతి చెబుతూ ఉంటుంది. 320 డిగ్రీలు పట్టుకో అంటే, ముక్కు 315కి జారినా 325కి జారినా చుక్కాని తిప్పి మళ్ళీ 320కి తెస్తుంది. కానీ కింద నీళ్ళు పడవని మొత్తంగా పక్కకి మోసుకుపోతుంటే దానికి తెలిసే మార్గం లేదు. ఇక్కడ ప్యూజెట్ సౌండ్‌లో రోజుకి రెండుసార్లు ఆటు, రెండుసార్లు పోటు. ముక్కు గంటసేపు సరిగ్గా 320 మీదే ఉంటుంది, పడవ మాత్రం ఎక్కడో తేలుతుంది.

ఆ పక్కచూపు చార్ట్‌ప్లాటర్‌కి ఉంది. మనం గీసిన దారి నుంచి పడవ ఎంత పక్కకి జరిగిందో జీపీఎస్ సాయంతో అది మీటర్లలో చెప్పగలదు. దాన్నే క్రాస్ ట్రాక్ ఎర్రర్ అంటారు. అయితే చుక్కాని తిప్పే చెయ్యి దానికి లేదు. ఒకదానికి చెయ్యి, ఒకదానికి చూపు. రెండింటినీ కలిపితే తాతయ్య చేసిన పని అవుతుంది: ఏరు ఎంత లాగుతోందో చూసుకుని, అంత మేరా ముక్కు ఎగువకి పెట్టడం.

నా పరికరాలు పాతవి కనక అవి మాట్లాడుకునేది ఎన్‌ఎంఈఏ 0183 అనే భాషలో. 1983లో పుట్టిన ఈ పద్ధతిలో ఒకటి చెబుతుంది, తక్కినవి వింటాయి. సెకనుకి 4800 బిట్లు, అంటే 480 అక్షరాలు. దీంట్లో నాకు బాగా నచ్చింది, ఆ మాటలు మనిషి చదవగలిగినవి కావడం. లాప్‌టాప్ తగిలిస్తే డాలర్ గుర్తుతో మొదలయ్యే వాక్యాలు ఒకదాని కింద ఒకటి దిగుతాయి. ఆటోపైలట్‌కి ముఖ్యమైన వాక్యం పేరు ఏపీబీ. దారి నుంచి ఎంత తప్పాం, కుడికి తిప్పాలా ఎడమకా, తర్వాతి మజిలీ పేరేమిటి, అది ఏ దిక్కున ఉంది, అన్నీ అందులోనే ఉంటాయి. చివర నక్షత్రం గుర్తు, దాని తర్వాత రెండక్షరాలు. దారిలో అక్షరం చెడితే ఆ రెండూ లెక్కకి సరిపోవు, వినేది ఆ వాక్యాన్ని వదిలేస్తుంది.

ఈ మాటలు మోసే తీగలు రెండు, 'ఏ', 'బీ'. ప్లాటర్ చెప్పే 'ఏ' తీగని పైలట్ వినే 'ఏ' తీగకి, 'బీ' తీగని 'బీ' తీగకి కలపాలి. అంతే. నేను రంగులు చూసి కలిపాను. రెండు సాయంత్రాలు పైలట్ తెర మీద డేటా లేదనే మాట తప్ప ఏమీ రాలేదు. రంగులు ఎవరి కంపెనీవి వాళ్ళవే. 'ఏ', 'బీ' తారుమారైతే సున్నాలు ఒకట్లవుతాయి, ఒకట్లు సున్నాలవుతాయి. మూడో రోజు రెండు పరికరాల పుస్తకాలూ పక్కపక్కన పరుచుకుని తీగలు మార్చాక మొదటి వాక్యం వెళ్ళింది. తీగల గురించి ఇంకో మాట: ఉప్పుగాలి తగిలేచోట మామూలు రాగితీగ నల్లబడి పాడవుతుంది, కళాయి పూసిన తీగే వాడాలి.

కొత్త పడవల్లో వచ్చేది ఎన్‌ఎంఈఏ 2000. కార్ల కోసం బాష్ కంపెనీ 1980లలో తయారుచేసిన క్యాన్ పద్ధతి దీనికి పునాది. అక్కడ ఒక్క పరీక్ష చాలా తంటాలు తప్పిస్తుంది. కరెంటు ఆపి, డేటా తీగలు రెండింటి మధ్యా మల్టీమీటర్ పెట్టండి. 60 ఓమ్‌లు చూపిస్తే రెండు కొసల్లోని 120 ఓమ్‌ల నిరోధకాలు, అంటే టెర్మినేటర్లు, రెండూ ఉన్నట్టు. 120 చూపిస్తే ఒకటి లేదు.

నా పడవలో అసలు చిక్కు ప్లాటర్ కబురు పైలట్‌కి అందాక వచ్చింది. మెరీనా నుంచి కింగ్‌స్టన్‌కి దాదాపు ఎనిమిది మైళ్ళు. ప్లాటర్‌లో గీసిన దారి వెంట నడిపే ట్రాక్ మోడ్ మీట నొక్కగానే పడవ కుడికి, ఎడ్మండ్స్ వైపు మొగ్గింది. కాసేపటికి దారి తప్పిన దూరం పెరిగి, నెమ్మదిగా తనే వెనక్కి వచ్చింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. సంగతేమిటంటే, ప్లాటర్ దిక్కుని నిజ ఉత్తరం నుంచి లెక్కగట్టి చెబుతోంది. పైలట్ దాన్ని అయస్కాంత ఉత్తరం లెక్కగా తీసుకుంటోంది. సియాటిల్ దగ్గర ఆ రెండు ఉత్తరాలకీ మధ్య సుమారు 15 డిగ్రీల తేడా. 15 డిగ్రీలు తప్పితే మైలు నడిచేసరికి పావు మైలు పక్కకి పోతాం. విశాఖపట్నంలో ఈ తేడా దాదాపు సున్నా. నేను సముద్రం నేర్చుకున్నది అక్కడ. రెండు ఉత్తరాలున్నాయని పుస్తకంలో చదివానే తప్ప, నా పడవ నాకది చూపించడం ఇదే మొదటిసారి. ప్లాటర్ సెట్టింగుల్లో ఒక్క మాట మార్చాక కింగ్‌స్టన్ వైపు తిన్నగా తిరిగింది.

తిన్నగా తిరిగింది కానీ, పాములా మెలికలు పోయింది. అది పైలట్ స్వభావాన్ని దిద్దాల్సిన పని. 1922లో నికొలాస్ మినోర్‌స్కీ అనే ఇంజినీరు ఓడలు తమంతట తాము దిశ నిలుపుకోవడం గురించి ఒక పరిశోధన ప్రచురించాడు. మంచి చుక్కానిదారు ముక్కు ఎంత తప్పిందో మాత్రమే చూడడు, ఎంత వేగంగా తిరుగుతోందో కూడా చూస్తాడని గమనించాడు. దాన్ని లెక్కల్లోకి తెచ్చి, న్యూ మెక్సికో అనే అమెరికా యుద్ధనౌక మీద పరీక్షించాడు. నా పైలట్‌లో కౌంటర్ రడ్డర్ అనే అంకె వెనక ఉన్నది ఆ గమనికే. ముక్కు రావలసిన చోటికి ఇంకా రాకముందే చుక్కాని ఎదురు తిప్పడం. తాతయ్య చేతులు చక్రాన్ని వెనక్కి తిప్పడం మొదలుపెట్టినప్పుడు లాంచీ ఇంకా తిరుగుతూనే ఉండేది. నాకది బాగా గుర్తు. ఆ అంకె ఒక్కొక్కటే పెంచుతూ, మా వెనక నీటి మీది గీత సాఫీ అయ్యేదాకా ఒక మధ్యాహ్నమంతా తిరిగాం.

ఒక విషయంలో నేను గట్టిగా ఉంటాను. బోయా మీద మజిలీ గుర్తు పెట్టకూడదు. ఈ జోడీ ఇప్పుడు ఎంత కచ్చితంగా నడుపుతుందంటే, తిన్నగా తీసుకెళ్ళి ఆ ఇనుప బోయాకే కొడుతుంది. పక్కగా, నీళ్ళు ఖాళీగా ఉన్నచోట పెట్టుకోవాలి. ఇక్కడ నీళ్ళలో సగం మునిగి తేలే దుంగలుంటాయి, పీతల బుట్టల తాళ్ళుంటాయి. అవి ఏ వాక్యంలోనూ రావు.

మజిలీ చేరగానే నా పైలట్ తనంతట తాను మలుపు తీసుకోదు. కీచుమని మోగుతూ ఎవరైనా మీట నొక్కేదాకా ఆగుతుంది. పోయిన ఆదివారం జెఫర్సన్ పాయింట్ దాటాక మోగింది. మా అమ్మాయి లేచి, తెరచాప అడ్డు తప్పించుకుని ముందుకి వెళ్ళి చూసింది.

"నాన్నా, ఎడ్మండ్స్ ఫెర్రీ వస్తోంది. అది పోనీ."

పైలట్ మోగుతూనే ఉంది. ఫెర్రీ పోయింది, దాని అలలు మమ్మల్ని ఊపి వెళ్ళాయి. అమ్మాయి మళ్ళీ ముందుకి వెళ్ళి, రెండు వైపులా చూసి, వెనక్కి వచ్చి మీట నొక్కింది.