చూపు వచ్చినా చూడలేడా?

పుస్తక సమీక్ష
‘యాన్ ఆంత్రపాలజిస్ట్ ఆన్ మార్స్’, ఆలివర్ శాక్స్, 1995

నాడీవైద్యుడు శాక్స్ రాసిన ఏడు కథనాల సంపుటం ఇది. వీటిలో ‘టు సీ అండ్ నాట్ సీ’ని విద్యార్థులు తప్పక చదవాలి.

వర్జిల్ (శాక్స్ పెట్టిన మారుపేరు) చిన్ననాటి నుంచీ అంధుడు. 1991లో, 50వ ఏట, అతనికి శుక్లాలు తొలగించారు. కట్టు విప్పితే కనిపించింది వెలుగు, రంగులు, కదలికల గందరగోళం మాత్రమే. అందులోంచి మాట వినిపించాకగాని అది డాక్టరుగారి ముఖమని తెలియలేదు. ఇంట్లోని పిల్లి ఏదో కుక్క ఏదో తడిమి చూస్తేగాని తేల్చుకోలేకపోయేవాడు. కన్ను పంపేది సంకేతాలనే. వాటికి అర్థం చెప్పేది మెదడు. ఈ సత్యాన్ని ఇంత సులభంగా చెప్పిన రచనలు తక్కువ.

మరి అంధుల మెదడులో చూపుకు కేటాయించిన భాగం ఏమవుతుంది? ఖాళీగా ఉండదు. బ్రెయిలీ చదివేటప్పుడు ఆ భాగం చురుకుగా ఉంటుందని 1996లో తేలింది. అయస్కాంత స్పందనలతో దాని పనికి అడ్డుతగిలితే పసితనంలోనే చూపు పోయినవారు బ్రెయిలీని తప్పుగా చదివారని 1997లో తెలిసింది. ఒక ఇంద్రియం పోగానే మిగిలినవి వాటంతటవే పదునెక్కవు. సాధన పాత్ర పెద్దది.

అయితే ఈ కథనంలో ఒక చిక్కుంది. చివరకు అనారోగ్యంతో వర్జిల్ చూపు మళ్లీ పోతుంది; అది అతనికి ఊరట అన్నట్టు శాక్స్ ముగిస్తారు. వయసు మీరాక చూపు తెప్పించడం వృథా అనే భావన పాఠకుడిలో మిగులుతుంది. వర్జిల్ రెటీనా కూడా దెబ్బతిన్నదని శాక్స్ చెప్పకపోలేదు. కాని కథ ఉద్వేగంలో ఆ సంగతి వెనక్కి పోతుంది.

దీనికి జవాబు మన దేశంలోనే దొరికింది. పవన్ సిన్హా ప్రారంభించిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ పుట్టు అంధత్వమున్న పిల్లలకు శస్త్రచికిత్స చేయించి, వారి చూపును పరిశీలిస్తోంది. చేత్తో తడిమి గుర్తించిన వస్తువును, కొత్తగా చూపు వచ్చినవాడు కంటితో గుర్తుపడతాడా? 1688లో మాలినో వేసిన ప్రశ్న ఇది. 8 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఐదుగురిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. వెంటనే గుర్తించలేకపోయారు. కాని మళ్లీ పరీక్షించిన పిల్లలు కొద్ది రోజుల నుంచి కొన్ని నెలల లోపే చాలావరకు నేర్చుకున్నారు!

చూపు పూర్తిగా మామూలు స్థాయికి రాదు. శుక్లాలతో పుట్టిన బిడ్డకు ఎంత త్వరగా ఆపరేషన్ చేయిస్తే అంత మంచిది. కాని ఆలస్యమైందని పదేళ్ల బిడ్డను వెనక్కి పంపడానికి శాస్త్రం ఒప్పుకోదు. వర్జిల్ కథ చదవండి. దాన్ని ఒక మనిషి కథగానే చదవండి.