మూడు నిమిషాల మేస్త్రీ పని

తమిళనాట హరూర్ చుట్టుపక్కల ఊళ్ళలో ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరిగే రోజుల్లో రాత్రంతా కూత్తు, అంటే వీధినాటకం, ఆడతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మాబోటివాళ్ళకు మాటను చెవితో తూచడం అలవడింది అక్కడే. చాప మీద కళ్ళు మూసుకుని పడుకున్న ముసలాయన నిద్రపోతున్నాడనుకుంటాం. దుర్యోధనుడి వేషగాడు ఒక్క విరుపు తప్పాడంటే ఆయన తల పైకి లేస్తుంది. వేరుశనక్కాయలు ఒలుస్తున్న పిల్ల చెయ్యి ద్రౌపది గొంతు పెగిలినచోట ఆగిపోతుంది. పాడేవాడు ఇవన్నీ గమనిస్తూనే ఉంటాడు. గమనించి, తర్వాతి పాటను ఒక పిసరు సాగదీస్తాడు, లేదంటే తుంచేస్తాడు.

కవిత్వ సభలకు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ముసలాయనే గుర్తొస్తాడు. సభలో కవి కాగితం వంక చూస్తూ చదువుకుపోతాడు. మనం మర్యాదగా కూర్చుని మర్యాదగా చప్పట్లు కొడతాం. ఆ మర్యాద వెనక మనం ఎంత విన్నామో కవికి తెలిసే దారి లేదు. ఈ బాధను సొంత బాధగా పెట్టుకుని దానికి ఒక మరమ్మతు కనిపెట్టిన మనిషి ఒకడున్నాడు. ఆ మరమ్మతు జరిగింది షికాగో నగరంలో, ఒక బార్‌లో.

ఆయన పేరు మార్క్ స్మిత్. 1949లో పుట్టాడు. కట్టడాల పని చేసి బతుకుతూ కవిత్వం రాసుకున్నాడు. కవులు కవులకే చదివి వినిపించుకునే సభలంటే ఆయనకు ఊపిరాడేది కాదు. 1984లో గెట్ మీ హై లౌంజ్ అనే చిన్న బార్‌లో ఓపెన్ మైక్ మొదలుపెట్టాడు: పేరు రాయించుకున్నవాళ్ళు ఎవరైనా లేచి చదవొచ్చు. 1986 జులైలో ఆ మకాం అప్‌టౌన్ పేటలోని గ్రీన్ మిల్‌కు మారింది. గ్రీన్ మిల్ 1907లో తెరుచుకున్న పాత బార్. మద్యనిషేధం రోజుల్లో అల్ కపోన్ ముఠా మసిలిన చోటు, తర్వాత జాజ్ సంగీతానికి పేరుపడిన చోటు. దాన్ని డేవ్ జెమీలో కొని మళ్ళీ నిలబెడుతున్న ఏడాది అది. ఆయన ఆదివారం సాయంత్రాన్ని కవిత్వానికి వదిలాడు.

మొదట్లో స్మిత్ బృందం కవితల్ని నాటకంలా అల్లి ప్రదర్శించేది. ఒకసారి చేతిలో సరుకు అయిపోయింది, ఇంకా పొద్దు మిగిలింది. ఆ ఖాళీ నింపడానికి ఆయన కవుల్ని పోటీకి నిలబెట్టి, తీర్పు మీరే చెప్పండని తాగడానికి వచ్చిన జనాన్ని అడిగాడు. స్లామ్ అనే కవితల పోటీ పుట్టింది అలాగే. మిగిలిపోయిన చెక్కతో వేసిన అతుకు ఆ ఇంటికి దూలమైంది. ఏళ్ళ తరబడి ప్రతి ఆదివారమూ అది నిలబడింది. అక్కణ్ణుంచి ఎన్నో దేశాలకు పాకింది.

ఆ దూలాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. సాయంత్రానికి మూడు అంకణాలు: ముందు ఓపెన్ మైక్, తర్వాత అతిథి కవి, చివర స్లామ్. ఈ వరసలోనే సగం పనితనం ఉందంటాను. మొదటి అంకణంలో చెయ్యి వణికే కొత్తవాళ్ళు ఉంటారు, రాసింది నిన్ననే అయినవాళ్ళు ఉంటారు. రెండోదాంట్లో చెయ్యి తిరిగిన కవి వస్తాడు. పచ్చిదీ పండినదీ ఒకదాని వెంట ఒకటి విన్న చెవి తీర్పు వేళకి దానంతట అదే పదునెక్కి ఉంటుంది. ఎవరూ పాఠం చెప్పకుండానే గది మొత్తం కవిత్వం చదువుకుంటుంది.

తీర్పరులు ఐదుగురు. పండితులు కారు, ఆ రాత్రి ఆ బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళలోంచే ఏరుతారు. ఒక్కొక్కరూ సున్నా నుంచి పది దాకా, దశాంశంతో సహా మార్కు వెయ్యాలి. అన్నిటికంటే పెద్ద మార్కూ అన్నిటికంటే చిన్న మార్కూ కొట్టేసి మిగతా మూడూ కూడతారు. గరిష్ఠం 30. కవిగారి బావమరిది పదికి పది వేసినా, పగవాడు సున్నా చుట్టినా రెండూ ఒకేసారి రాలిపోతాయి. ఇంత చిన్న లెక్కలో ఇంత న్యాయం ఇమిడి ఉండటం నాకు అబ్బురమనిపిస్తుంది.

మరి ఆ దశాంశం ఎందుకు? 8.4కీ 8.6కీ తేడా ఏమిటో ఎవరూ చెప్పలేరు. చెప్పలేరు కాబట్టే గది లేచి పోట్లాడుతుంది. తీర్పరుల్ని నిలదీయమని నిర్వాహకుడే జనాన్ని ఎగదోస్తాడు. ఆరు అని అట్ట పైకెత్తగానే వెనక బల్ల నుంచి అన్యాయమని అరిచిన మనిషి ఆ కవితను చివరిదాకా విన్నాడన్నమాట. ఆ అరుపును రాబట్టడానికే మార్కు. కవికి విలువ కట్టడం దాని రెండో పని.

పోటీ మొదలయ్యే ముందు పోటీలో లేని ఒక కవి వచ్చి ఒక కవిత చెప్పిపోతాడు. తీర్పరులు అతనికీ మార్కులు వేస్తారు, కాని అవి లెక్కలోకి రావు. అక్కడివాళ్ళు అతన్ని బలి కవి అంటారు. మన అంగళ్ళలో సరుకు తూచే ముందు త్రాసుకు పాసంగం చూసుకుంటారే, అతని పని అదే. ఆ తర్వాత వచ్చేవాళ్ళందరికీ త్రాసు సరిగ్గా నిలవాలని ఒకడు తన కవితను ఉచితంగా ఖర్చుపెడతాడు. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

జాతీయ పోటీల్లో స్థిరపడిన నిబంధనల ప్రకారం కవితకు మూడు నిమిషాలు, పైన పది సెకన్ల వెసులుబాటు. అదీ దాటితే ప్రతి పది సెకన్లకూ అర మార్కు కోత. వేషం కట్టకూడదు, వస్తువులు పట్టుకురాకూడదు, వాయిద్యం కూడదు, కవిత సొంతదై ఉండాలి. ఒళ్ళూ గొంతూ తప్ప కవికి ఇంకేమీ మిగలదు. గ్రీన్ మిల్‌లో వినేవాళ్ళకు మాత్రం చాలా పరికరాలున్నాయి. విసుగు మొదలైతే చిటికెలు వేస్తారు. విసుగు పెరిగితే కాళ్ళతో నేలను తడతారు, మరీ భరించలేకపోతే మూలుగుతారు. ఆడవాళ్ళను కించపరిచే మాట దొర్లితే గదిలోని ఆడవాళ్ళు బుసకొడతారు. స్మిత్ వేదికెక్కి తన పేరు చెప్పగానే బార్ అంతా ఒక్క గొంతుతో “అయితే ఏంటి!” అని అరిచేది. ఈ గదిలో ముందుగా గౌరవం అందుకునే మనిషి ఎవరూ లేరని, ఆ గది కట్టినవాడికి కూడా అది లేదని, ప్రతి వారమూ ఆయనే గుర్తుచేయించుకునేవాడు.

ఇలాంటి గదిలో నిలబడే కవిత ఎలా ఉండాలి? మంచుముక్కలు గ్లాసులో గలగలమంటుంటాయి, ఎవరో బిల్లు అడుగుతుంటారు. మొదటి పది సెకన్లలో ఒక మనిషో ఒక వస్తువో కంటికి కట్టకపోతే చెవులు మళ్ళీ బల్లల వైపు పోతాయి. అందుకే చెయ్యి తిరిగినవాళ్ళు భావంతో కాకుండా వంటగదితోనో బస్సుతోనో అమ్మ చేతితోనో మొదలుపెడతారు. పుస్తకంలో చదివేవాడు వెనక్కి తిరిగి చూసుకోగలడు, వినేవాడికి ఆ వీలు లేదు. కాబట్టి కవే ఒక మాటను తిరిగి తెచ్చి చేతికందిస్తాడు. ఆ మాట తిరిగొచ్చిన ప్రతిసారీ కొంచెం వేరే అర్థంతో వస్తే అది పనితనం, ఊరికే వస్తే అది ఊతపదం. మధ్యలో ఊపిరి తీసుకునే చోటు కూడా రాసుకున్నదే. రెండో నిమిషం దాటాక ఒక మలుపు ఉంటుంది. అక్కడ గొంతు పెంచడం తేలిక, తగ్గించడం కష్టం. తగ్గించినవాడి కోసం గది తనంతట తాను ముందుకు వంగుతుంది.

ఇక్కడ నా మనసు అవధానం మీదికి పోతుంది. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలు దత్తపదిగా ఇస్తారు, ఒకరు నిషిద్ధాక్షరి పట్టి అక్షరం అక్షరానికీ అడ్డుపడతారు. నాలుగు ఆవృత్తాల్లో ఒక్కో పాదం చొప్పున పద్యాలన్నీ పూర్తిచేసి, చివర ధారణలో అవధాని అన్నిటినీ అప్పజెప్పాలి. స్లామ్ కవి కంఠతా పట్టుకుని వస్తాడు, అవధాని ఏమీ తెచ్చుకోడు. అది పెద్ద తేడాయే. అయినా కట్టుబడి ఒకే జాతిది. గ్రీన్ మిల్‌లో కవికి అడ్డు తగిలే గోల బార్‌లో సహజంగానే ఉంది. మన పెద్దలు ఆ గోల కోసం ప్రత్యేకంగా ఒక మనిషినే నియమించారు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పని అదే: పద్యం నడుస్తుండగా పెళ్ళిళ్ళ గురించో పకోడీల గురించో అడగడం. ఇంకొకరి చేతికి గంట ఇచ్చి, కొట్టిన దెబ్బలు లెక్కపెట్టమన్నారు. కొన్నిచోట్ల వీపు మీద పూలు విసిరి ఎన్ని పడ్డాయో చెప్పమంటారు. కవిత్వం బలం తెలియాలంటే చుట్టూ అలికిడి ఉండాలన్న సంగతి మనవాళ్ళు ముందే కనిపెట్టారు.

జనం తీర్పుకు నిలబడే ధైర్యమూ మనకు కొత్తది కాదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి మీసాలు పెంచి, తమను ఓడించినవాళ్ళుంటే తీసేస్తామని సవాలు చేసి, సంస్థానాలన్నీ తిరిగి అవధానాలు చేశారు. చెళ్ళపిళ్ళవారు 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి అయ్యారు. తమిళంలోనూ ఈ విద్య ఉంది. నాగర్‌కోయిల్‌కు చెందిన షేకుతంబి పావలర్ 1907లో మద్రాసులో శతావధానం చేసి, ఆ పేరుతోనే నిలిచిపోయారు. తమిళనాట కవియరంగం మరో రూపం. ఒకే అంశం మీద వరసగా కవులు లేచి, వేలమంది ముందు చెబుతారు. చెప్పిన పాదం బాగుంటే జనం మళ్ళీ చెప్పమంటారు. ద్రావిడ ఉద్యమం ఆ వేదికను ఊరూరికీ తీసుకుపోయింది. ఇన్ని ఉన్నా, తీర్పు చెప్పే పనిని దారిన పోయే మనిషి చేతికి అంకెతో సహా ఇచ్చింది మాత్రం స్మితే.

దీనికి దోషాలు లేవనను. రాత్రి గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి. ముందు చెప్పిన మంచి కవిత వెనకబడుతుంది, ఎనిమిది గంటలకు ఏడు తెచ్చుకున్నది పదింటికి తొమ్మిది తెచ్చుకునేది. అందరి గొంతులూ ఒకే ఊపులోకి దిగి, ఎవరి బాధ వాళ్ళదిగా వినపడకుండా పోయే ప్రమాదం ఇంకా పెద్దది. విమర్శకుడు హెరాల్డ్ బ్లూమ్ దీన్ని కళకు చావుగానే చూశాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, ఆయన తీర్పు మాత్రం ఒప్పుకోలేను. ఎందుకంటే ప్యాట్రీషియా స్మిత్ ఉంది.

1990లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదటి జాతీయ స్లామ్ జరిగింది. షికాగోలో గొంతు సానబట్టుకున్న ఈ నల్లజాతి కవయిత్రి ఆ జాతీయ పోటీల్లో నాలుగుసార్లు వ్యక్తిగత విజేతగా నిలిచింది. ఆమె “స్కిన్‌హెడ్” అనే కవితలో మాట్లాడేది ఆమె కాదు, నల్లవాళ్ళను ద్వేషించే ఒక తెల్ల యువకుడు. ‘నేను’ అంటూ అతని నోటితోనే మొదలుపెడుతుంది. ఆ గొంతు వస్తున్నది ఎవరి ఒంట్లోంచో కళ్ళెదుట కనిపిస్తూనే ఉంటుంది. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి చెబుతుంది, మధ్యలో మనం ఇరుక్కుంటాం. కాగితం మీద ఈ కవితకు బలం లేదని కాదు, కాని ఈ ఇరుకు కాగితం మీద దొరకదు. అతన్ని ఆమె ఎగతాళి చెయ్యదు, వెనకేసుకురాదు. అతని పని, అతని గాయం, అతని గది ఒక్కొక్కటే పేర్చి, ఇతను ఎక్కణ్ణుంచో ఊడిపడలేదని, ఈ నేలే కన్న బిడ్డ అని మన చేత ఒప్పిస్తుంది. వేషం కట్టకూడదన్న నిబంధన ఇక్కడ ఎంత పని చేసిందో చూడండి. తెల్లరంగు పూసుకుని ఉంటే ఈ కవిత చచ్చిపోయేది. అదే కవయిత్రి కత్రినా తుపాను మీద రాసిన “బ్లడ్ డాజ్లర్” 2008లో నేషనల్ బుక్ అవార్డు తుది జాబితాకు వచ్చింది. న్యూయార్క్‌లో న్యూయోరికన్ పోయెట్స్ కెఫే తొలి స్లామ్ విజేత పాల్ బేటీ 2016లో తన నవలకు బుకర్ అందుకున్నాడు. బార్ గోలలో నిలబడిన వాక్యాలు పుస్తకంలోనూ నిలబడ్డాయి.

మా ఊళ్ళో బార్ ఇలాంటి పనికి ఒప్పదు. ఆడవాళ్ళూ పిల్లలూ రాలేని చోట మాటకు సగం చెవులే దొరుకుతాయి. టీ కొట్టు ఉంది. ఒకరు పేపరు పైకి చదివితే పదిమంది వినడం తమిళనాట టీ కొట్లకు పాత అలవాటే. ఆదివారం సాయంత్రం, బెంచీలు అటు తిప్పి, గోడ గడియారం కింద నిలబడే చోటు చూపించి, పేరు రాయించుకున్నవాళ్ళకు తలా మూడు నిమిషాలు. తెలుగైనా సరే, తమిళమైనా సరే. తెలుగు రానివాడు తెలుగు కవితకు మార్కు ఎలా వేస్తాడని అడుగుతారేమో. విరుపు ఎక్కడ పడిందో, ఊపిరి ఎక్కడ ఆగిందో వాడికీ వినపడుతుంది. గ్లాసులు కడిగే చప్పుడు ఆపించక్కర్లేదు. ఐదు పలకలూ ఒక సుద్దముక్కల డబ్బా చాలు. నాలుగు పలకలు ఆ పూట బెంచీ మీద ఎవరుంటే వాళ్ళకి. ఐదోది మాత్రం కూత్తు దగ్గర చాప మీద పడుకున్న ఆ ముసలాయనకు ఇస్తాను. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నా సరే.