కోడికూత వేళ తెరిచిన నోళ్లు

ఏన్కూరు అడవిలో మోదుగులు పూసి రాలే రోజుల్లో నా మనసు వైరా చెరువు మీదికి పోతుంది. 1930లో కట్టిన ఆ రిజర్వాయర్‌ను మేం ఇప్పటికీ చెరువనే అంటాం. నిండితే 18.3 అడుగులు. ఫాల్గుణం వెళ్లేసరికి నీళ్లు కాల్వల్లోకి దిగిపోయి, ఒడ్డు వెంట ఒండ్రు బయటపడుతుంది.

నాది గాలం. సంఘం వాళ్లను అడిగి, వాళ్ల వలలకు అడ్డం రాని చోట కూర్చుంటాను. మొదట్లో చీకటితోనే వెళ్లేవాణ్ని. బొచ్చెలు, రవ్వలు నీటి పైన నోళ్లు తెరిచి మూస్తుంటే ప్రాణం లేచొచ్చేది. ఎర్రను గుచ్చి ఆ నోళ్ల మధ్యకే వేసేవాణ్ని. బెండు కదిలేది కాదు. ఒకరోజు తెప్ప మీద వల తీస్తున్న పెద్దాయన నన్ను చూసి అన్నాడు: "అది ఆకలి కాదయ్యా. ఊపిరాడక పైకొచ్చినయి. జర పొద్దెక్కనియ్."

ఆ మాట వెనకున్న లెక్క తర్వాత తెలిసింది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఇముడుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నరే. పైగా ఎండలకు నీళ్లు పచ్చబడతాయి. ఆ పచ్చదనం పగలు ఊపిరి పోస్తుంది, రాత్రి తానే పీల్చేసుకుంటుంది. తెల్లవారేసరికి చేపకు మిగిలేది కొంచెమే. మన రాష్ట్ర చేప కొర్రమీనుకు మాత్రం ఆ బాధ లేదు. పైకొచ్చి నేరుగా గాలే మింగుతుంది.

మిషిగన్‌లో ఉన్న మా అక్క కొడుకు ఏప్రిల్‌లో ఈరీ సరస్సు మీదికి వెళ్తాడు. అక్కడ మంచు కరిగాక పైనీళ్లు 4 డిగ్రీలకు చేరి బరువెక్కుతాయి. గాలి తోడైతే అడుగుదాకా కలిసిపోతాయి. వాడి సరస్సుకు వసంతం ఊపిరి తెస్తుంది. నా చెరువుకు అదే వసంతం ఊపిరి తగ్గిస్తుంది. ఇద్దరం ఫోన్లో మాట్లాడుకునేది ఎక్కువగా దీని గురించే.

ఇప్పుడు తొందరపడను. ఎండ నీళ్ల మీద పరుచుకుని, గాలి లేచి అలలు ఒడ్డును కొట్టడం మొదలయ్యాక, ఆ అలలు తగిలే వైపే గాలం వేస్తాను. బెండు ముందు రెండుసార్లు తలూపి, తర్వాత పక్కకు జారుతుంది. అప్పుడే లాగాలి. కడుపు బరువున్న ఆడచేప పడితే కొక్కెం మెల్లగా తీసి, తల నీళ్లలోనే ఉంచి, అది తోక ఆడించేదాకా పట్టుకుని వదులుతాను. వానలకు గుడ్లు పెట్టాల్సిన తల్లి అది.